నేత షెడ్డులో ఎరువు కుప్ప: ప్రారంభించు విధము, నిలుపుకొను విధము

మన నేత సంఘములలో నూలుకు లెక్క ఉన్నది, రంగులకు లెక్క ఉన్నది, దిగిన గుడ్డకు గజముతో సహా లెక్క ఉన్నది. చెత్తకు మాత్రము లెక్క లేదు. సాయంకాలము మగ్గములు ఆగిన పిదప షెడ్డు ఊడ్చి, వచ్చినదంతయు పెరటిలో ఒక మూల పోసి, నాలుగు దినముల కొకసారి నిప్పంటించుట చాల చోట్ల వాడుక. పడుగునకు పెట్టగా మిగిలిన గంజి కాలువ పాలగును. టీ పిప్పి, కూరగాయల తొక్కలు, అరటి ఆకులు గోడ అవతల పడును. ఆ పొగ తిరిగి మన ఇండ్లలోనికే వచ్చును. పులిసిన గంజికి ఈగలు ముసురును. ఇరుగుపొరుగుతో మాట పట్టింపులు వచ్చును. ఊరు కాని ఊరిలో తరతరములుగా మర్యాదగా బ్రతుకుచున్న మన వీధులకు ఇది మంచి పేరు తెచ్చు పని కాదు.

చెత్తను పుట్టినచోటనే వేరుచేయవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ఘన వ్యర్థముల నియమములు ఇంటివారికిని, పనిచోట్లకును విధించినవి. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, ప్రమాదకరమైనది వేరు. ఎటులను వేరుచేయక తప్పదు గనుక, ఆ తడి చెత్తను బండిలోని కెత్తుటకు బదులు మన పెరటిలోనే ఎరువుగా మార్చుకొనుట ఎట్లో ఈ వ్యాసములో వివరించుచున్నాను. ముందుగా ఒక్క మాట మనవి. ఎరువు కుప్ప గోతి వద్ద మొదలు కాదు, మగ్గము వద్ద మొదలగును. ఏ పోగు కుప్పలోనికి పోవలెను, ఏది పోరాదు అను తీర్పు నేతగాని చేతిలో ఉన్నది. ఆ తీర్పు సరిగా లేనిచో ఎంత చక్కని గొయ్యి త్రవ్వినను ఫలితము లేదు, పైపెచ్చు కీడు కలుగును.

మన చెత్తలో ఏమేమి ఉన్నవి

ఒక వారము దినములు షెడ్డులోని చెత్తను తగులబెట్టక గోనెసంచులలో నిలువ చేసి చూడుడు. అందు అయిదారు రకములు కనబడును. మగ్గము క్రింద రాలిన పీచు, పడుగు కొసలు, కండెలపై మిగిలిన పేక నూలు, చిక్కుపడిన చిలపల ముక్కలు ఒక రకము. గంజి, గంజి మడ్డి రెండవది. టీ పిప్పి, తొక్కలు, ఆకులు, తినగా మిగిలినవి మూడవది. పెరటి చెట్ల ఎండుటాకులు నాలుగవది. జరీ ముక్కలు, పాలియెస్టరు పోగులు, ప్లాస్టిక్ సంచులు, తీగలు అయిదవది. రంగుల శాల ఉన్నచో అక్కడి ఖాళీ డబ్బాలు, రంగు మడ్డి, వాడిన నీరు ఆరవది.

వీనిలో అమ్ముడుపోవునది మొదట అమ్మవలెను. శుభ్రమైన తెల్ల నూలు తుక్కును యంత్రములు తుడుచుటకు కొనువారు కలరు. పట్టు తుక్కుకును గిరాకి కలదు. రంగు నూలు కొసలతో త్రాళ్లు పేనవచ్చును, కాళ్లు తుడుచుకొను పట్టలు నేయవచ్చును, దిండ్లలో నింపవచ్చును. ధర పలుకు వస్తువును కుళ్లబెట్టుట సంఘపు సొమ్మును కుళ్లబెట్టుటయే. అమ్ముడుపోని తెల్ల పీచు, ఊడ్పులో వచ్చిన దుమ్ము నూలు, గంజి, ఆకు, తొక్క, పిప్పి, ఇవి కుప్పకు తగినవి.

రంగు నూలు సంగతి

ఇది అన్నిటికంటె ముఖ్యము. పత్తి చెట్టున కాచినది గనుక నూలంతయు మట్టిలో కలియును గదా అని కొందరు తలచుదురు. పత్తి కలియుమాట నిజమే. పత్తి పీచులో నూటికి తొంబది పాళ్లకు పైగా సెల్యులోజ్ అను పదార్థమే ఉన్నది. అది సూక్ష్మజీవులకు ఆహారము. కాని ఆ పోగునకు పట్టించిన రంగు సంగతి వేరు. మనము వాడు నాఫ్తాలు రంగులు, వాని లవణములు, రంగు నిలుచుటకు కొన్ని చోట్ల వాడు మైలుతుత్తము, క్రోము లవణము, ఇవి అన్నియు ఆహారము కావు. రాగి గాని, క్రోమియము గాని లోహములు. లోహము కుళ్లదు. మూడు నెలలు కాదు, మూడేండ్లు కుప్పలో ఉన్నను అట్లే ఉండును. ఆ ఎరువు వేసిన మట్టిలో నిలిచిపోవును. ఆ మట్టిలో పెరిగిన ఆకుకూరలలోనికి కొంత ఎక్కవచ్చును. అజో రంగులలో కొన్ని విరిగినప్పుడు క్యాన్సరు కలిగించు పదార్థములు పుట్టునని తేలినందుననే 1997లో మన ప్రభుత్వము అట్టి రంగులు పెక్కింటిని నిషేధించినది.

మన పెరటిలో తోటకూర, గోంగూర వేయుదుము. దానిని తినువారు మన పిల్లలు. కనుక నియమము ఒక్కటే ఉండవలెను: రంగు పోగు కుప్పలో పడరాదు. ఇది రంగు నూలో, తెల్ల నూలో అని అనుమానము వచ్చినప్పుడు రంగు క్రిందనే లెక్కింపవలెను. తెల్ల పడుగుతో రంగు అంచు నేయునప్పుడు మగ్గము క్రింద రాలిన ఊడ్పు అంతయు రంగు ఊడ్పే. పూర్తిగా రంగు చీరలే నేయు సంఘమునకు నూలు తుక్కు కుప్పలో చేరదు. అందుకు విచారింప పనిలేదు, ఆకు, తొక్క, టీ పిప్పి, గంజి చాలును.

గంజి విషయములోను ఒక జాగ్రత్త. బియ్యపు గంజి, రాగి గంజి, జొన్న గంజి కుప్పకు మేలైన ఆహారము. కాని బూజు పట్టకుండ మైలుతుత్తము కలిపిన గంజిని పోయరాదు. బూజును చంపు మందు కుప్పలోని సూక్ష్మజీవులను కూడ చంపును. మరమగ్గములకు వచ్చు పడుగులలో కృత్రిమమైన గంజి ఉండవచ్చును గనుక షోలాపురము వంటి చోట్ల మరనేత కుటుంబములవారు ఆ పడుగు కొసలను వేరుగా ఉంచుట మంచిది.

పోగు పత్తియా, పాలియెస్టరా అని సందేహము కలిగినచో మన పెద్దలు చేయు పరీక్షయే చాలును. నిప్పునకు చూపవలెను. పత్తి కాగితము కాలిన వాసన వేసి మెత్తని బూడిద అగును. పట్టు వెంట్రుక కాలిన వాసన వేయును. పాలియెస్టరు కరగి గట్టి పూసవలె బిగిసిపోవును.

మొక్కల రంగులు వాడు సంఘములలో ఉడికించి వడియగట్టిన కరక్కాయ పిప్పి, దానిమ్మ తొక్క, నీలి ఆకు మిగులు కుప్పలో వేయవచ్చును. ఆ ఉడకబెట్టుటలో తుత్తము గాని క్రోము గాని కలిపినచో అవియు పనికిరావు.

కుళ్లుట అనగా ఏమి

పల్లెలలో పెంటదిబ్బ మనకు క్రొత్త కాదు. దిబ్బకును, కంపోస్టు కుప్పకును భేదము ఇంతే: దిబ్బ దానంతట అది కుళ్లును, కుప్పను మనము నడుపుదుము. నడుపుటకు నాలుగు తూకములు చూడవలెను. అవి కర్బనము, నత్రజని, తడి, గాలి.

ఎండుటాకు, గడ్డి, కాగితము, నూలు పీచు, వీనిలో కర్బనము హెచ్చు. పేడ, పచ్చి ఆకు, కూరగాయల తొక్కలు, టీ పిప్పి, వీనిలో నత్రజని హెచ్చు. ఒక పాలు నత్రజనికి 25 నుండి 30 పాళ్లు కర్బనము ఉన్నప్పుడు సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయును. తూనికతో పనిలేదు, తట్టలతో కొలువవచ్చును. రెండు మూడు తట్టల ఎండు సరుకునకు ఒక తట్ట పచ్చి సరుకు సరిపోవును. నూలు పీచులో నత్రజని దాదాపు లేదు. కనుక ఒట్టి నూలు పోసినచో ఏడాదికిని అట్లే ఉండును. మొదటి కుప్పలో నూలు పీచును అయిదవ వంతుకు మించనీయక, పేడతో కలిపి వేయుట మంచిది.

ఈ విద్యకు శాస్త్రరూపము వచ్చినది మన దేశములోనే. 1924లో ఇండోరులో స్థాపింపబడిన పరిశోధన సంస్థలో ఆల్బర్టు హోవర్డు, యశ్వంత వాడ్ అనువారు కంపోస్టు పద్ధతిని క్రమపరచి 1931లో గ్రంథముగా ప్రకటించిరి. ఆ సంస్థ పత్తి పంట కొరకు ఏర్పడినది. గట్టి పత్తికట్టెలను ఎరువుగా మార్చుట అక్కడి సమస్యలలో ఒకటి. కట్టెలను బండ్లు నడుచు త్రోవలో పరచి చక్రముల క్రింద నలిపించి, పిదప కుప్పలో వేసిరి. గట్టి సరుకును ముందు నలుగగొట్టవలెనను ఆ సూత్రము మన నూలుకును వర్తించును. పొడవు పోగులను రెండంగుళముల ముక్కలుగా నరికి వేయవలెను. నరకనిచో అవి తడిసి చాపవలె అల్లుకొని పారకు లొంగవు, లోపలికి గాలి పోనీయవు.

చోటు, ఋతువు

మన సంఘములు ఒకే రకపు నేలలో లేవు. షోలాపురము, బళ్లారి ప్రాంతములు మెట్ట. అక్కడ ఎండకు కుప్ప ఎండిపోవును గనుక రెండు మూడడుగుల లోతు గొయ్యి అనుకూలము. బరంపురము, యానాము సముద్రము దాపున ఉన్నవి. వానాకాలములో గొయ్యి చెరువగును. అక్కడ నేలమీదనే ఇటుక ముక్కలు పరచి కుప్ప వేసి పైన తాటాకు గాని రేకు గాని కప్పవలెను. తమిళనాడులోని మనవారికి పెద్ద వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గనుక అంతకు ముందే కుప్ప కప్పుకొనవలెను.

తిరుగవేయుటకు మనుషులు చాలని సంఘములకు రెండు దారులు కలవు. బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థలో సి. ఎన్. ఆచార్యగారు రూపొందించిన పద్ధతిలో కందకములో పొరలుగా వేసి పైన మట్టితో మెత్తి వదలుదురు. తిరుగవేయు పని లేదు గాని కాలము హెచ్చు పట్టును. మహారాష్ట్రములో యవత్మాళ జిల్లా పుసద్‌కు చెందిన నారాయణ దేవతావ్ పాంఢరీపాండేగారి పద్ధతి మరియొకటి. ఆయన పేరులోని అక్షరములతోనే దానికి నాడెప్ అను పేరు వచ్చినది. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గల ఇటుకల తొట్టి, గోడలలో గాలికి కంతలు, మూడు నాలుగు నెలలలో ఎరువు. అంత తొట్టి నింపుటకు చాల సరుకు కావలెను. చిన్న షెడ్డునకు 3 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల కుప్ప చాలును. అంతకు తగ్గినచో వేడి నిలువదు.

చోటు ఏర్పరచునప్పుడు రెండు సంగతులు మరువరాదు. తడిసిన పీచుకు చెదలు వచ్చును. మన మగ్గములు కొయ్యవి. కనుక షెడ్డు గోడకు ఆనించి కుప్ప వేయరాదు, 30 అడుగులైనను ఎడము ఉండవలెను. త్రాగు నీటి బావికి ఇంకను దూరముగా, బావి కంటె పల్లమున ఉండవలెను.

కుప్ప వేయు విధము

అడుగున కొబ్బరి మట్టలు గాని పుల్లలు గాని అరయడుగు మందమున పరచవలెను. దానిపై ఆరంగుళములు ఎండుటాకు, నరికిన తెల్ల నూలు పీచు కలిపి వేయవలెను. దానిపై రెండంగుళములు తొక్కలు, టీ పిప్పి, పచ్చి ఆకు. దానిపై పేడ నీరు చల్లి, పిడికెడు పాత ఎరువు గాని తోట మట్టి గాని వెదజల్లవలెను. మరల ఎండు సరుకు. ఇట్లు మూడడుగులు లేచువరకు వేసి, పైన ఎండుటాకుతో మూసి, తడి గోనెపట్ట కప్పవలెను. మిగిలిన గంజిని నీటితో పలుచన చేసి ఎండు పొరలపై చల్లవచ్చును. ఒకే చోట కుమ్మరింపరాదు. చేపలు, మాంసము, నూనె వంటలు, సబ్బు నీరు, యంత్రపు నూనె గుడ్డలు వేయరాదు.

పిడికెడు సరుకు తీసి పిండినప్పుడు చేయి తడియవలెను, ఒకటి రెండు చుక్కలు రావలెను. ధారగా కారినచో తడి హెచ్చు, పొడిగా రాలినచో తక్కువ. మూడు నాలుగు దినములలో లోపల వేడి పుట్టును. ఇనుప చువ్వ నొకదానిని నడుమ గ్రుచ్చి ఉంచి, కొంతసేపటికి తీసి చేతితో ముట్టి చూడవలెను. చేయి నిలువనీయనంత వేడి ఉన్నచో కుప్ప చక్కగా నడుచుచున్నది. మంచి కుప్పలో 55 నుండి 65 సెంటిగ్రేడు డిగ్రీల వేడి పుట్టును. ఆ వేడికి కలుపు గింజలు, ఈగ పురుగులు చచ్చును.

పదునైదు దినముల కొకసారి వెలుపలిది లోపలికి, లోపలిది వెలుపలికి వచ్చునట్లు తిరుగవేయవలెను. తిరుగవేయునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, కుప్ప పొడిగా ఉన్నచో ముందు నీరు చల్లవలెను. బూజు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నూలు దుమ్ము మధ్య పనిచేయు మనకు ఈ జాగ్రత్త మరింత అవసరము.

కుప్ప తప్పు ఎచ్చట ఉన్నదో అదే చెప్పును. కంపు కొట్టినచో తడి హెచ్చి గాలి తగ్గినదని తెలిసికొని, ఎండుటాకు కలిపి తిరుగవేయవలెను. వేడి పుట్టనిచో పేడ గాని తడి గాని చాలలేదు. ఎలుకలు చేరినచో అన్నము పైపైన పడుచున్నది. చీమలు పుట్ట పెట్టినచో ఎండిపోవుచున్నది. మూడు నాలుగు నెలలకు సరుకు నల్లబడి, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వేయును. అప్పుడు జల్లెడ పట్టి, పండని ముక్కలను తరువాతి కుప్పలో వేయవలెను.

వాడుటకు ముందు ఒక పరీక్ష. రెండు డబ్బాలు తీసికొని, ఒకదానిలో ఒట్టి మట్టి, రెండవదానిలో రెండు వంతుల మట్టికి ఒక వంతు ఎరువు కలిపి నింపి, ఒక్కొక్కదానిలో ఇరువది మెంతి గింజలు చల్లవలెను. వారములో రెండింటను సమానముగా మొలిచినచో ఎరువు పండినది. ఎరువు డబ్బాలో మొలకలు తక్కువైనచో ఇంకొక నెల ఆగవలెను.

ఎవరు చేయవలెను

ఇంతవరకు చెప్పినది సులభము. అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. తీర్మానము అందరు చేయుదురు, పని ఊడ్చునామె నెత్తిన పడును. జీతము పెరుగదు, పని పెరుగును. రంగు, తెలుపు కలిపి పారవేయువారు నేతగాండ్రు, దానిని ఏరవలసినది ఆమె. అట్టి కుప్ప రెండు నెలలు నిలువదు. నిలువకుండుట న్యాయమే.

పెంట పని మనది కాదను భావము మన వారిలో కొందరికి ఉన్నది. గంజి కాచి, పేడనీళ్లతో వాకిలి అలికి, రంగులో మోచేతులు ముంచి బ్రతికిన కులమునకు ఈ మాట తగదు. సంఘమనగా లాభము పంచుకొనుట మాత్రమే కాదు గదా. చెత్త సంఘముది, పని కూడ సంఘముదే. కనుక ఈ క్రింది ఏర్పాట్లు సూచించుచున్నాను.

ఒకటి: ప్రతి మగ్గమునకు రెండు సంచులు, తెల్ల సంచి, రంగు సంచి. నేతగాడు మగ్గము దిగు ముందు తన ఊడ్పును తానే వేయవలెను. కండెలు చుట్టు స్త్రీలకును రాట్నము వద్ద ఇదే పద్ధతి.

రెండు: నెలకు ఇద్దరు సభ్యులు వంతుగా కుప్ప చూడవలెను. మొదటి నెల వంతు కార్యవర్గము వారిది. అధ్యక్షుడు, కార్యదర్శి పార పట్టినచో తక్కినవారికి నామోషీ ఉండదు.

మూడు: ఊడ్చునామెకు కుప్పపై పని చెప్పినచో దానికి వేరుగా కూలి ఇచ్చి మినిట్సులో వ్రాయవలెను.

నాలుగు: ఒక చిన్న పుస్తకములో తేదీ, వేసిన తట్టలు, తిరుగవేసిన దినము, తీసిన ఎరువు, వంతు ఎవరిది, ఈ అయిదు గడులు చాలును. లెక్క లేని పని సంఘములో బ్రతుకదు.

అయిదు: ఇండ్లలో మగ్గములున్న సభ్యులు తమ తెల్ల పీచు, తొక్కలు డబ్బాలో తెచ్చి వేయవచ్చును. తెచ్చినవారికి ఎరువులో భాగము.

ఎరువు ఎవరికి

పంపకమును మొదటనే నిర్ణయింపవలెను. పండిన పిదప నిర్ణయించినచో తగవు వచ్చును. సరుకు తెచ్చినవారికి, వంతు చేసినవారికి సమానముగా ఇచ్చి, మిగిలినది షెడ్డు ముందరి చెట్లకు గాని, వీధి బడి తోటకు గాని ఇచ్చుట మేలు. సంచులలో నింపి అమ్మవలెనను ఆలోచన వచ్చినచో తొందరపడరాదు. అమ్ము ఎరువులకు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద ప్రమాణములు కలవు. మన కుప్ప మన పెరళ్లకు చాలును.

దీనివలన సంఘమునకు ధనలాభము కలుగునని ఆశ పెట్టజాలను. మగ్గము కూలి దీనివలన పెరుగదు. కాని పొగ తగ్గును, కాలువ శుభ్రపడును, పెరటి ఆకుకూరకు బలము చేకూరును. ఏ పోగుతో ఏ రంగు వచ్చుచున్నది, అది ఎచ్చటికి పోవుచున్నది అని ప్రతి మగ్గము వద్ద ఒక్క నిమిషము ఆలోచించు అలవాటు కలుగును. ఆ అలవాటు గలవారు రంగుల శాలలోని మడ్డి నీరు ఎచ్చటికి పోవుచున్నదో కూడ త్వరలోనే అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే అది.

రాబోవు కార్యవర్గ సమావేశములో ఈ విషయము పెట్టి, చోటు, సంచులు, వంతుల జాబితా, పంపకము, ఈ నాలుగు మాత్రము తీర్మానింపుడు. ఆకు రాలు కాలములో ఎండుటాకును తగులబెట్టక గోనెలలో నిలువ చేసికొనుడు, ఏడాది పొడవున అదే ఆధారము. మొదటి కుప్ప చిన్నదిగానే వేయుడు. అది పండిన పిదప మీ అనుభవమును ఈ పత్రికకు వ్రాసినచో, తక్కిన ఊళ్ల సంఘములకు ఉపకరించును.